గుర్రాలకూ రిటైర్మెంట్ ఉంటుందా?

విశాఖ మన్యం అనగానే ఫోన్లో ఏం కనిపిస్తుంది? లంబసింగి మంచు, వంజంగి మేఘాలు, అరకు రైలు, కాఫీ కప్పు పట్టుకున్న ఓ చెయ్యి. డిసెంబరు వచ్చిందంటే రీల్స్ నిండా ఇవే. కానీ అదే మన్యంలో, తారు రోడ్డు ఆగిపోయిన చోట ఇంకో లోకం మొదలవుతుంది. అక్కడ బియ్యం బస్తా పైకి రావాలన్నా, కాఫీ పండ్ల మూట కిందికి దిగాలన్నా ఒకటే బండి. దానికి చక్రాలుండవు. నాలుగు డెక్కలుంటాయి.

సినిమాలో హీరో ఎక్కే గుర్రాన్ని ఊహించుకోకండి. ఇవి పొట్టిగా, గట్టిగా ఉంటాయి. వీపు మన ఛాతీ ఎత్తుకు వస్తుంది. జీను ఉండదు, రికాబులుండవు. గోనెసంచుల్ని మడతపెట్టి, లోపల గడ్డి కూరి కుట్టిన ఒక దిండు, దాని మీద తాళ్లు. అంతే. పెళ్లి బరాతులో తలపాగా పెట్టుకుని నిలబడే గుర్రం ముందు వీటిని నిలబెడితే కూలికి వచ్చినవాళ్లలా కనిపిస్తాయి. నిజానికి వచ్చింది కూడా కూలికే.

ఈ డిసెంబరులో నాలుగు రోజులు అలాంటి గుర్రాలున్న ఊళ్లో ఉన్నాను. అల్లూరి సీతారామరాజు జిల్లా, జి.మాడుగుల మండలం. కొండ మీద పాతిక ఇళ్ల ఊరు. పేరు మాత్రం రాయొద్దని ఊరివాళ్లే అడిగారు. "పేరు రాస్తే ఆదివారానికి కెమెరాలు పట్టుకుని దిగిపోతారు పాపా. ఉన్నది ఒక్క ఊటబావి" అన్నారు. అందుకే రాయట్లేదు.

నన్ను తీసుకెళ్లింది మా మావయ్య. ఆయన ఆరోగ్యశాఖలో హెల్త్ అసిస్టెంట్. ఉద్యోగంలో చేరిన కొత్తలో పద్నాలుగేళ్లు ఈ కొండల్లోనే పనిచేశాడు. తర్వాత మైదానానికి బదిలీ అయింది. వచ్చే ఏప్రిల్ 30కి రిటైర్మెంట్. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల వయసు పరిమితిని 2022 జనవరి నుంచి 62కి పెంచారు కదా, ఆ రెండేళ్లూ కూడా అయిపోవచ్చాయి. మిగిలిన సెలవుల్లో నాలుగు రోజులు పెట్టి "మా నేస్తాన్ని చూసొద్దాం, నువ్వూ రా అమ్మలూ" అన్నాడు.

తారు ఆగిన చోట

విశాఖపట్నం నుంచి పాడేరు నూరు కిలోమీటర్ల పైమాటే. చోడవరం, మాడుగుల దాటాక ఘాట్ మొదలవుతుంది. దారిలో మోదకొండమ్మ పాదాల దగ్గర బస్సు నెమ్మదిస్తుంది. డ్రైవరు ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చేత్తో దండం పెట్టుకుంటాడు. అక్కడి నుంచి చెవులు గిళ్లుమంటాయి, స్వెట్టర్లు బయటికొస్తాయి.

కిటికీలోంచి చూస్తే నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి చుట్టుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు కనిపిస్తాయి. కాఫీకి నేరుగా ఎండ పడదు. నీడ కోసం చెట్టు, చెట్టుకి మిరియం, కింద కాఫీ. ఒకే నేలలో మూడంతస్తుల పంట. ఈ కాఫీకే 2019లో 'అరకు వ్యాలీ అరబికా' పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డిసెంబరు కోతల కాలం. కొమ్మల నిండా ఎర్రటి పండ్లు. ఇంచుమించు ఆరు కిలోల పండ్లు కోస్తే కిలో గింజలు తేలతాయి. అంటే మన కప్పులోకి వచ్చేదానికంటే ఎన్నో రెట్ల బరువు ముందు ఆ వాలు మీద నుంచి కిందికి దిగాలి. ఎవరు దింపుతారు? ఈ ప్రశ్న నాకు అప్పుడు రాలేదు, తర్వాతి రోజుల్లో జవాబే ఎదురుగా నడిచింది.

పాడేరు నుంచి జి.మాడుగులకి జీపు. అక్కడి నుంచి ఇంకో జీపు. అది ఆగిన చోట తారు కూడా ఆగిపోయింది. ఇక ఆరు కిలోమీటర్లు కాలిబాట.

అక్కడ వేపచెట్టు కింద రెండు గుర్రాలతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మెడలో తువ్వాలు, కాళ్లకు ప్లాస్టిక్ బూట్లు. మావయ్యని చూడగానే "ఏటి నేస్తం, సిక్కిపోనావు?" అన్నాడు. మావయ్య "నువ్వు మాత్రం లావైపోయేవేటి?" అన్నాడు. ముప్పై ఏళ్ల స్నేహితులు ఏడాది తర్వాత కలిసి మాట్లాడుకున్న మొదటి ముక్కలివి.

వీళ్లిద్దరూ నేస్తం కట్టుకున్నారు. మా ఉత్తరాంధ్రలో ఇది ఊరికే ఫ్రెండ్ అనడం లాంటిది కాదు. పెద్దల ముందు బట్టలు పెట్టి నేస్తరికం కలుపుకుంటారు. ఇక ఆ ఇంటి పెళ్లి వీళ్లది, వీళ్లింటి చావు వాళ్లది. వీళ్లిద్దరూ ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. సంక్రాంతికి రాజ్మా గింజలు, తేనె, చీపురుకట్టలు మోసుకుని మా అమ్మమ్మగారింటికి వచ్చే ఈ మనిషిని నేను చిన్నప్పటి నుంచీ 'కొండ మావయ్య' అనే పిలుస్తాను.

రెండు గుర్రాల్లో పెద్దది చుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. చిన్నది ఎర్రది, ఆడగుర్రం, ఏడేళ్లది. మా బ్యాగులు ఎర్రదాని మీదకెక్కాయి. చుక్క ఖాళీగా ముందు నడిచింది. వలిసె పూలు పసుపుపచ్చగా విరగబూసిన వాలు, రెండు గెడ్డలు, ఒక నిట్టనిలువు ఎక్కుడు. రెండు గంటలు పట్టింది. నా స్మార్ట్ వాచీ మధ్యలో రెండుసార్లు 'విశ్రాంతి తీసుకోండి' అంది. గుర్రాలకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

పొద్దున్న నాలుగున్నర

గుర్రం ఉన్న ఇంట్లో రోజు గుర్రంతోనే మొదలవుతుంది. కొండ మావయ్య నాలుగున్నరకే లేచి రాత్రి నానబెట్టిన ఉలవలు ఉడకేస్తాడు. అందులో తవుడు, గుప్పెడు ఉప్పు. చుక్కకి పళ్లు అరిగిపోయాయి కాబట్టి దానివి ఇంకాస్త మెత్తగా ఉడకాలి. ముసలివాళ్లకి అన్నం మెత్తగా వండినట్టే.

దాణా ఒక్కసారే కుప్పగా పెట్టకూడదట. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చిన్నది. కొంచెం కొంచెంగా రోజులో ఎక్కువ భాగం మేస్తూనే ఉండాలి. పైగా గుర్రానికి వాంతి చేసుకోవడం రాదు. తిన్నది పడకపోతే బయటికి పంపే దారి లేదు, కడుపునొప్పి ప్రాణం మీదకి వస్తుంది. "ఆవుకి అజీర్తి సేస్తే తెల్లారేక సూద్దాం అనుకోవచ్చు. గుర్రానికి అలాగ కుదరదు. రాత్రయినా పగలయినా లేవాల" అన్నాడు. అంటే ఈ ఉద్యోగంలో నైట్ షిఫ్టు కూడా ఉంది.

తర్వాత డెక్కలు. ఒక్కో కాలు ఎత్తి, ఒళ్లో పెట్టుకుని, కొక్కెంలాంటి ఇనుప ముక్కతో లోపల ఇరుక్కున్న రాళ్లు తీస్తాడు. చిన్న గులకరాయి ఇరుక్కుని ఉండగానే బస్తా ఎత్తితే రెండు రోజులు కుంటుతుంది. ఆ తర్వాత వీపు. దిండు రాసుకుని పుండు పడిందేమోనని అరచేత్తో తడిమి చూస్తాడు. వేడిగా తగిలితే ఆ రోజు బరువు లేదు.

బరువు కట్టడం ఇంకో విద్య. ఒక్కో పక్క నలభై కిలోలు, మొత్తం ఎనభై. రెండు పక్కలా సమానంగా తూగాలి. ఒక పక్క తేలికైతే ఆ వైపు ఒక రాయి కడతారు. అవును, అక్కర్లేని బరువే కడతారు. ఎందుకంటే గుర్రాన్ని పడేసేది బరువు కాదు, వంకర.

దాని వయసెలా తెలుస్తుందని అడిగితే, చుక్క పై పెదవి ఎత్తి మూల పన్ను చూపించాడు. దాని మీద గోధుమరంగు గీత. పదేళ్ల వయసులో చిగురు దగ్గర మొదలై ఏటేటా కిందికి దిగుతుంది. ఇరవై వచ్చేసరికి పన్ను చివరిదాకా వస్తుంది. చుక్క గీత చివరిదాకా దిగిపోయింది. సర్వీసు రిజిస్టరు దాని నోట్లోనే ఉందన్నమాట.

"మన డేటాఫ్ బర్తు కాగితం మీద మార్చుకోవచ్చు, దీనిది కుదర్దు" అని మావయ్య నవ్వాడు.

సంత రోజు

మన్యంలో ఒక్కో పెద్ద ఊరికి వారంలో ఒక్కో రోజు సంత. తెల్లవారుజామున కొండల మీద నుంచి దారులన్నీ అటే దిగుతాయి. మేం దిగిన రోజు మా ముందు ఇంకో ఊరివి నాలుగు గుర్రాలు, మా వెనక రెండు. గంటల చప్పుడు వినిపిస్తే ఎదురొచ్చేవాళ్లు కొండవైపుకి ఒదిగి దారిస్తారు. లోయవైపు నిలబడరు. గుర్రం మూట తగిలితే మనమే కిందికి పోతాం. ఈ రూలు ఏ బోర్డు మీదా రాసి ఉండదు, నాలుగేళ్ల పిల్లకి కూడా తెలుసు.

కిందికి దిగేవి: రాజ్మా, అల్లం, చోళ్లు, కాఫీ పండ్లు. ఎండాకాలమైతే చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకులు. పైకెక్కేవి: బియ్యం, ఉప్పు, నూనె, ఎండుచేప, సబ్బులు, బడి పిల్లల నోటు పుస్తకాలు, ఇల్లు కట్టేవాళ్లుంటే సిమెంటు. సిమెంటు బస్తా యాభై కిలోలు. అందుకే దాన్ని విప్పి రెండు సంచుల్లో పోస్తారు.

అడవి సరుకు కొనడానికి గిరిజన సహకార సంస్థ ఉంది. జీసీసీ అంటే అందరికీ తెలుసు. 1956లో దళారుల చేతిలో గిరిజనులు మోసపోకూడదని పెట్టారు. దాని డిపోలోనే రేషను కూడా దొరుకుతుంది. కొండ మావయ్య తండ్రి కాలం నుంచీ వాళ్ల గుర్రాలు ఆ డిపోకీ ఊరికీ మధ్య తిరుగుతూనే ఉన్నాయి. ఊళ్లో గుర్రం లేనివాళ్ల సరుకు కూడా ఇవే మోస్తాయి. డబ్బిచ్చేవాళ్లు డబ్బిస్తారు, లేనివాళ్లు కాఫీ కోతకి ఒక రోజు పనికొస్తారు.

సంతలో గుర్రాలన్నీ ఒక పక్క చింతతోపులో నిలబడి ఉంటాయి. వాటి పక్కనే బైకులు. మావయ్య చూసి "నేనొచ్చిన కొత్తలో ఇక్కడ అరవై డెబ్బై గుర్రాలు కనిపించేవి" అన్నాడు. నేను లెక్కపెట్టాను. పదిహేడు.

ఐస్ పెట్టె మోసిన గుర్రం

ఈ స్నేహం ఎలా మొదలైందో రెండో రాత్రి నెగడు దగ్గర తెలిసింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు కోస్తూ చెప్పారు.

తొంభైల మొదట్లో మావయ్య చేతిలో ఉన్నవి సూదులు, దూది, గాజు పలకలు. జ్వరమొచ్చిన ప్రతి మనిషి వేలి నుంచి రక్తపు చుక్క తీసి పలక మీద రుద్దాలి. మలేరియా పరీక్షకి ఇప్పటిలా పావుగంటలో చెప్పే కిట్లు అప్పుడు లేవు. పలకల్ని కిందికి తీసుకెళ్లి, ఆస్పత్రిలో మైక్రోస్కోపు కింద చూశాక, మళ్లీ పైకొచ్చి మందివ్వాలి. ఈలోగా వారం గడిచేది. వారంలో జ్వరం ఆగుతుందా? అందుకని అనుమానం ఉన్నవాళ్లకి ముందే క్లోరోక్విన్ బిళ్లలు వేసేసి దిగేవాడు.

ఒక వానాకాలం మావయ్యకే మలేరియా వచ్చింది. ఊరి బడి అరుగు మీద పడిపోయి ఉంటే, అప్పటికి పరిచయం కూడా సరిగ్గా లేని కొండ మావయ్య తన గుర్రం మీద వేసుకుని, తాళ్లతో కట్టి, గెడ్డలు దాటించి కిందికి చేర్చాడు. "బస్తాలాగ కట్టేడమ్మలూ. రెండో పక్క తూకానికి రాయి ఒక్కటే తక్కువ" అన్నాడు మావయ్య. "కట్టేనుగా! లేకపోతే జారిపోనా నువ్వు?" అన్నాడు కొండ మావయ్య.

ఆ వేసవిలోనే నేస్తం కట్టుకున్నారు.

1995లో పల్స్ పోలియో మొదలైంది. చుక్కల మందు వేడికి తట్టుకోదు. దారి పొడవునా చల్లగా ఉండాలి. నాలుగు ఐస్ ప్యాకులు పెట్టిన చిన్న పెట్టెలో సీసాలు పెట్టుకుని, ఐసు కరిగేలోపు ఊళ్లన్నీ తిరగాలి. నడిస్తే రోజుకి రెండు ఊళ్లు. గుర్రంతో నాలుగు. పెట్టెని గుర్రం మీద కట్టి, పైన తడి గోనె కప్పి, కొండ మావయ్య ముందు నడిస్తే మావయ్య వెనక నడిచేవాడు. తర్వాత సీసాల మీద చిన్న చతురస్రం గుర్తు వచ్చింది. వేడి తగిలితే దాని రంగు ముదురుతుంది, ఇక ఆ మందు పనికిరాదు. "ఆ గుర్తు సూడ్డం నేనూ నేర్సుకున్నాను. రంగు మారకపోతే ఆ పూట నా గుర్రం గెలిసినట్టు" అన్నాడు కొండ మావయ్య.

2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మనం దాన్ని ఒక వార్తగా చదివి వదిలేశాం. ఆ వార్త వెనక ఇలాంటి గుర్రాలు కూడా నడిచాయని నాకు ఆ నెగడు దగ్గరే తెలిసింది.

రోడ్డు కోసం, రోడ్డు వల్ల

మూడో రోజు పొద్దున్న కొండ అవతల నుంచి 'గుర్ర్' మని శబ్దం. గుర్రం కాదు, జేసీబీ. రోడ్డు పని ఊరికి రెండు కిలోమీటర్ల దూరం దాకా వచ్చింది. గిరిజన ఊళ్లకి రోడ్లు వేయడానికి రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో 'అడవితల్లి బాట' మొదలుపెట్టింది కదా, మన్యంలో ఎక్కడ చూసినా ఇప్పుడు ఆ మాటే.

ఇక్కడ ఒక చరిత్ర ముక్క చెప్పాలి. ఈ కొండల్లో రోడ్డు పేరెత్తితే నూరేళ్ల కిందటి కథ గుర్తొస్తుంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు బ్రిటిష్ వాళ్లు రోడ్డు వేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి ఆ పని చేయించాడు. ఆ కోపం కూడా అల్లూరి పోరాటానికి ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. దాదాపు నూరేళ్లకి, 2022 ఏప్రిల్ 4న, ఆయన పేరుతోనే జిల్లా వచ్చింది. అప్పుడు రోడ్డు తమ చేత వేయించారని తిరగబడిన కొండలే, ఇప్పుడు రోడ్డు వేయలేదని ధర్నాలు చేస్తున్నాయి. రోడ్డు ఒకటే, కానీ అప్పుడది ఎవరికోసం, ఇప్పుడెవరికోసం అన్నదే తేడా.

"మరి రోడ్డు వస్తే గుర్రాలు?" అని అడిగాను. నాలో ఉన్న సిటీ మనిషి 'అయ్యో, ఈ అందం పోతుంది' అనుకుంటోందని ఆయనకి అర్థమైనట్టుంది. తన మనవరాలిని పిలిచి నా పక్కన కూర్చోబెట్టాడు. ఆరేళ్ల పిల్ల. "ఇది పుట్టిన రాత్రి సెప్తాను విను" అన్నాడు.

ఆ రాత్రి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. వాన. గుర్రం ఉంది. కానీ నొప్పులు పడే మనిషిని గుర్రం మీద ఎక్కించలేరు. కర్రకి దుప్పటి కట్టి డోలీ చేశారు. నలుగురు మోస్తే, మరో నలుగురు టార్చీలు పట్టుకుని పక్కన. ఆరు కిలోమీటర్లకి మూడున్నర గంటలు. రెండో గెడ్డ దగ్గర నీళ్లు తగ్గేదాకా ఆగాల్సొచ్చింది. అదృష్టం, తల్లీ బిడ్డా దక్కారు. "పక్కూరి పిల్ల దక్కనేదు" అన్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

"గుర్రం నాకు పేణం. అలాగని గుర్రం కోసం రోడ్డు వద్దంటామేటి?"

కొండల్లో బతుకు గురించి కింద కూర్చుని రాసేవాళ్లం ఆ మాట రోజుకొకసారి గుర్తుచేసుకోవాలి.

ఇరవయ్యేళ్ల చుక్క

అసలు గొడవ ఆ సాయంత్రం మొదలైంది. కొండ మావయ్య కొడుకు ఆటో కొనాలనుకుంటున్నాడు. రోడ్డు రాగానే జి.మాడుగులకి తిప్పొచ్చు. మొదట కట్టాల్సిన డబ్బు తక్కువ పడింది. పర్యాటకుల్ని గుర్రాలెక్కించి తిప్పే ఒక బేరగాడు సంతలో చుక్కని చూసి పద్దెనిమిది వేలు ఇస్తానన్నాడు. "ఫొటోలకే కదా, బరువుండదు. మంచిదే కదా నాన్నా" అంటాడు కొడుకు. తండ్రి మాట్లాడడు.

కొడుకుది చెడ్డ మనసు కాదు. వాడి లెక్క వాడికుంది. చుక్క దాణాకి నెలకి రెండు వేలు దాటుతోంది. అది బరువు మొయ్యడం మానేసి ఏడాదైంది. ఉలవలు కొని, ఉడకబెట్టి, డాక్టరుకి చూపించి పోషించాలి. గుర్రాలు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు కూడా బతుకుతాయి. అంటే ఇంకో ఐదారేళ్ల ఖర్చు.

కానీ ఫొటోల పని బరువు లేని పని కాదు. రోజంతా ఎండలో, తారు మీద, కొత్త మనుషుల మధ్య, ఒకరి తర్వాత ఒకరిని ఎక్కించుకుని తిరగాలి. ఇరవయ్యేళ్ల కొండగుర్రం ఎన్నాళ్లు నిలబడుతుంది?

మావయ్య గొంతు సవరించుకుని "నాకు ఏప్రిల్ తర్వాత పెన్షనొస్తుంది. నెలకి రెండు వేలు దాని ఖర్చుకి నేను పంపుతాను" అన్నాడు.

కొండ మావయ్య ఒక్కసారి తల తిప్పాడు. "నీ పెన్షను అత్తకియ్యి. నాకూ వస్తాది నాలుగు వేలు. అడిగింది డబ్బుల గురించి కాదు నేస్తం." కాసేపాగి మెల్లగా అన్నాడు: "నీకు అరవై రెండు రాగానే గవర్నమెంటు పొమ్మంటాది, ఇంటికాడ కూకోబెట్టి జీతంలాగ ఇస్తాది. నాకు యాభై దాటేక ఇస్తన్నాది. అది ఏ ఆఫీసుకెళ్లి అడగాల?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నేను చేసేది లెక్కలు తేల్చే ఉద్యోగమే. ఫోన్ తీసి దాణా, ఆటో వాయిదా, కాఫీ రాబడి అన్నీ వేసి చూశాను. ఎలా వేసినా చుక్క ఖర్చు గళ్లోనే పడింది.

జవాబు మరుసటి పొద్దున్న గెడ్డ దగ్గర దొరికింది. కొడుకు ఎర్రదాని మీద కాఫీ మూటలు కట్టి బయల్దేరాడు. తోట ఊరికి పైన, నిలువు వాలులో ఉంది. రోడ్డొచ్చినా ఊరిదాకానే వస్తుంది, తోటలోకి రాదు. ఆ వాలు మీద ఆటో ఎక్కదు, బైకు నిలబడదు. కాబట్టి కాఫీ ఉన్నన్నాళ్లూ కనీసం ఒక గుర్రం కావాలి. దాంట్లో ఎవరికీ పేచీ లేదు.

గెడ్డలో నీళ్లు కాస్త ఎక్కువగా ఉన్నాయి. ఎర్రది ఒడ్డున ఆగిపోయింది. కొడుకు పగ్గం లాగాడు, అదిలించాడు, బతిమాలాడు. కదల్లేదు. చెవులు వెనక్కి పెట్టేసింది. వెనక నుంచి తాపీగా వచ్చిన చుక్క, ఎవరూ తోలకుండానే నీళ్లలో దిగి, తనకి తెలిసిన రాళ్ల మీదుగా అవతలికి నడిచింది. దాని వెనకే ఎర్రది. మూట తడవలేదు.

గుర్రాలు గుంపు జంతువులు. ముందు నడిచేదాన్ని నమ్ముకుని వెనకవి నడుస్తాయి. దారి మ్యాపులో ఉండదు, ముందు నడిచినదాని కాళ్లలో ఉంటుంది. ఎర్రది ఆ దారి తనంతట తానే నేర్చుకోవడానికి ఇంకో రెండు మూడు సీజన్లు పడుతుందని కొండ మావయ్య తర్వాత చెప్పాడు. కొడుక్కి మాత్రం ఆ క్షణంలోనే అర్థమైంది. అవతలి ఒడ్డున కాసేపు నిలబడి, "ఈ కాఫీ సీజను దాకా ఉండనీ నాన్నా. ఆటో సంగతి తర్వాత సూద్దాం" అన్నాడు.

సీజను దాకా అన్నాడు. ఎప్పటికీ అనలేదు. ఫిబ్రవరి తర్వాత మళ్లీ ఆ బేరగాడు రావచ్చు, మళ్లీ గొడవ జరగొచ్చు. అయినా ప్రస్తుతానికి చుక్కకి ఒక ఉద్యోగముంది. బరువు లేదు. ముందు నడవడమే పని.

కొండ మావయ్య మావయ్య వైపు చూసి అన్నాడు: "ఇన్నావా నేస్తం? ఏప్రిల్ తరవాత నువ్వూ ఊరకే కూకోకు. కొత్తగా సేరిన కుర్రోళ్లుంటారు కదా, కాలీగా ముందు నడు."

మావయ్య నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో, ఈమధ్యే తన ఆస్పత్రిలో చేరిన ఇద్దరు కుర్ర హెల్త్ అసిస్టెంట్ల గురించి పాడేరు నుంచి చోడవరం దాకా చెబుతూనే ఉన్నాడు.

మీరూ వెళ్తే

నవంబరు నుంచి జనవరి దాకా వలిసె పూలు, కాఫీ పండ్లు, మంచు మూడూ చూడొచ్చు. పాడేరుకి విశాఖ నుంచి ఆర్టీసీ బస్సులుంటాయి. జి.మాడుగుల మండలంలోనే కొత్తపల్లి జలపాతం ఉంది, అక్కడిదాకా రోడ్డుంది. చిన్న ఊళ్లకి వెళ్లాలనుకుంటే తెలిసినవాళ్లతో, ఊరి పెద్దని అడిగి వెళ్లండి. చీకటి పడకముందే చేరండి. దోమతెర పెట్టుకోండి. వచ్చాక జ్వరమొస్తే మన్యం వెళ్లొచ్చామని డాక్టరుకి మొదటే చెప్పండి.

కాలిబాట మీద గంటల చప్పుడు వినిపిస్తే కొండవైపుకి ఒదగండి. గుర్రం వెనక నిలబడకండి. మూట మోస్తున్న గుర్రాన్ని ఆపి సెల్ఫీ అడగకండి, అది డ్యూటీలో ఉంది. బ్రెడ్డూ బిస్కెట్లూ పెట్టకండి, దాని కడుపు సంగతి పైన చదివారు కదా. సంతలో రాజ్మా, అల్లం బేరమాడకుండా కొనండి. కిలోకి పది రూపాయలు తగ్గించమనే ముందు, అది ఎన్ని గెడ్డలు దాటి వచ్చిందో ఒక్కసారి ఆలోచించండి.

ఎక్కడైనా నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ముసలి గుర్రం, వీపు మీద ఏమీ లేకుండా అందరికంటే ముందు నడుస్తూ కనిపిస్తే మాత్రం, దాని వెనక వెళ్లండి. దారి తప్పరు.